తాళపత్రాల వెంట: మహాపండిత రాహుల్ సాంకృత్యాయన్

బౌద్ధం ఈ దేశంలో ఎందుకు క్షీణించిందన్న ప్రశ్న కళాశాల చరిత్ర పరీక్షల్లో తరచుగా వస్తుంది. విహారాల విధ్వంసం, రాజాదరణ తొలగిపోవడం, బ్రాహ్మణమతం మళ్ళీ బలపడడం అనే మూడు కారణాలు విద్యార్థులచేత వ్రాయించడం మా వృత్తిలో భాగం. ఆ మూడింటి తరువాత అడగవలసిన మరొక ప్రశ్న ఉన్నది. పాఠ్యప్రణాళిక దానిని అడగదు. విహారాలతోపాటు వాటి గ్రంథాలయాలు ఏమైనాయి? నలందలో, విక్రమశిలలో, జగద్దలలో తరతరాల భిక్షువులు రచించి, వాదించి, ఎత్తి వ్రాసి దాచిన సంస్కృత గ్రంథాలు ఎక్కడికి పోయినాయి? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకొని, మారువేషంతో హిమాలయాలు దాటిన వ్యక్తి రాహుల్ సాంకృత్యాయన్. ఓల్గా నుంచి గంగకు వ్రాసిన రచయితగా తెలుగు పాఠకలోకం వారిని ఎరుగును. ఆ కీర్తి చాటున వారి గ్రంథాన్వేషణ మరుగున పడిపోయింది. ఈ సంచిక పాఠకులకు మేము ప్రధానంగా చెప్పదలచినది ఆ అన్వేషణ సంగతి.

వారి తొలి పేరు కేదారనాథ్ పాండే. 1893 ఏప్రిల్ 9న నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా పందహా గ్రామంలో జన్మించారు. పాఠశాల చదువు ఉర్దూ మాధ్యమంలో మిడిల్ వరకే సాగింది. ఆపైన ఏ విశ్వవిద్యాలయ పట్టమూ వారికి లేదు. బాల్యంలోనే పెద్దలు పెండ్లి చేశారు. ఆ పెండ్లిని తాము ఏనాడూ అంగీకరించలేదని వారు చెప్పుకున్నారు. ఆ బాలిక బ్రతుకు ఏమైనదన్న విషయాన్ని జీవితచరిత్రకారులు రెండు వాక్యాలతో సరిపెట్టడం మాకు రుచించదు. మహాపురుషుల గృహత్యాగాన్ని కీర్తించేటప్పుడు ఇంట మిగిలిపోయినవారిని కూడ తలచుకోవడం ధర్మమనే మా అభిప్రాయం.

ఇల్లు విడిచిన యువకుడు బీహార్‌లోని పరసా మఠంలో వైష్ణవ సాధువై, రామ్ ఉదార్ దాస్ అనే పేరు పొందారు. దక్షిణదేశ యాత్ర చేసి తమిళదేశపు వైష్ణవ మఠంలో కొంతకాలం గడిపారు. అక్కడి నుండి ఆర్యసమాజంలోకి వెళ్ళి ఆగ్రాలో చదువుకున్నారు. సహాయనిరాకరణోద్యమం రాగానే గాంధీ మార్గంలో దూకి, బక్సర్, హజారీబాగ్ జైళ్ళు చూశారు. ప్రతి మజిలీలోనూ ఒక భాష, ఒక శాస్త్రం, ఒక కొత్త అసంతృప్తి చేతికి వచ్చేవి.

1927లో శ్రీలంక చేరడంతో వారి జీవితం మలుపు తిరిగింది. కెలనియలోని విద్యాలంకార పరివేణంలో భిక్షువులకు సంస్కృతం నేర్పుతూ, ఆ భిక్షువుల వద్దనే పాలి నేర్చుకొని త్రిపిటకాన్ని ఆమూలాగ్రంగా చదివారు. ఆ పఠనంలోనే ఒక లోటు వారి దృష్టికి వచ్చింది. థేరవాద పిటకం పాలిలో భద్రంగా ఉన్నది. కాని భారతభూమిపై నాగార్జునుడు, అసంగుడు, వసుబంధువు, దిఙ్నాగుడు, ధర్మకీర్తి సంస్కృతంలో నిర్మించిన మహావాఙ్మయంలో అధికభాగం మూలరూపంలో కనబడడం లేదు. ధర్మకీర్తి వాదాలు ఆయన ప్రత్యర్థులైన నైయాయికుల, మీమాంసకుల, జైనుల గ్రంథాలలో పూర్వపక్షంగా మాత్రమే వినబడుతున్నవి. వాది మాట పోయి ప్రతివాది మాట మిగిలిన న్యాయస్థానం వంటిది మన తత్త్వశాస్త్ర చరిత్ర. టిబెటన్, చీనా అనువాదాలు ఉన్నవి. మూలాలు కూడ టిబెట్‌లో ఎక్కడో మిగిలి ఉండవచ్చునని రాహుల్‌జీ ఊహ.

ఆ ఊహకు చారిత్రక ఆధారం లేకపోలేదు. మగధ, వంగ విహారాలు కూలిన రోజుల్లో, 1204లో, కాశ్మీర పండితుడు శాక్యశ్రీభద్రుడు తన శిష్యబృందంతో టిబెట్‌లో అడుగుపెట్టాడు. అంతకు ముందు కూడ రెండు మూడు శతాబ్దాలుగా భారతీయ ఆచార్యులు అక్కడికి వెళ్తూ, టిబెటన్ అనువాదకులు ఇక్కడికి వస్తూ ఉండేవారు. వచ్చినవారు తిరిగి వెళ్ళేటప్పుడు తాటాకు పుస్తకాలు మోసుకొనిపోయారు. టిబెట్‌లోని పొడి చలిగాలికి పురుగు, చెమ్మ రెండూ తక్కువ. తాటాకు గ్రంథాలున్న ఇండ్లలో పెరిగిన మన పెద్దలకు వర్షాకాలం వాటికి చేసే హాని తెలిసినదే.

1929లో రాహుల్‌జీ మొదటిసారి టిబెట్ వెళ్ళారు. రాజకీయ ఖైదీగా పేరు పడిన వ్యక్తికి ఆంగ్లప్రభుత్వం అనుమతి ఇస్తుందన్న ఆశ లేదు. శివరాత్రికి నేపాల్ వెళ్ళే యాత్రికుల గుంపులో కలిసి సరిహద్దు దాటి, అక్కడి నుండి హిమాలయ ప్రాంతపు యాత్రికుని వేషంలో లాసా చేరారు. అక్కడ నేవార వర్తకుల ఆశ్రయంలో ఉంటూ భాష నేర్చారు, గ్రంథాలు సేకరించారు. డబ్బు శ్రీలంకలోని విద్యాలంకార పెద్దలు పంపారు. 1930లో తిరిగి వచ్చినప్పుడు 22 కంచరగాడిదలపై పుస్తకాలు, పటచిత్రాలు వెంట వచ్చినవి. ఆ ఏడే శ్రీలంకలో ఉపసంపద స్వీకరించి భిక్షువైనారు. బుద్ధుని కుమారుని పేరును తమ పేరుగా, తమ గోత్రనామాన్ని ఉపనామంగా గ్రహించారు.

ఆ మొదటి యాత్రలో తాళపత్ర మూలాలు చేజిక్కలేదు. వచ్చినవి ప్రధానంగా చెక్క అచ్చులతో ముద్రించిన టిబెటన్ గ్రంథాలు. వాటిలో ముఖ్యమైనవి కంజూరు, తంజూరు అనే రెండు మహాసంకలనాలు. కంజూరులో బుద్ధవచనపు అనువాదాలు, తంజూరులో ఆచార్యుల శాస్త్రాల అనువాదాలు ఉంటాయి. రెండూ కలిసి మూడు వందల సంపుటాలకు పైమాటే. తంజూరు విషయసూచిక చూసిన చరిత్ర విద్యార్థి ఎవరైనా ఒక క్షణం ఆగిపోతాడు. అందులో మాధ్యమిక దర్శనం, యోగాచారం, తర్కం ఉండడం సహజమే. వాటి సరసనే వ్యాకరణం, ఛందస్సు, వాగ్భటుని వైద్యగ్రంథం అష్టాంగహృదయం, దండి అలంకారశాస్త్రం కావ్యాదర్శం, ప్రతిమల కొలతల శిల్పశాస్త్రం, చివరకు కాళిదాసు మేఘదూతం కూడ ఉన్నవి. విరహి అయిన యక్షుని సందేశంతో భిక్షువులకు ఏమి పని అని అడిగేవారుంటారు. శబ్దవిద్య, హేతువిద్య, చికిత్సావిద్య, శిల్పవిద్య, అధ్యాత్మవిద్య అనే పంచవిద్యలను అభ్యసించనివాడు పండితుడు కాడని మహావిహారాల నియమం. చదువును ఒక కులానికి పరిమితం చేసిన సమాజంలో, ఇన్ని శాస్త్రాలను కులం అడగకుండా ఒక కప్పు క్రింద బోధించిన స్థలం విహారం. బౌద్ధం పోయినప్పుడు పోయినది ఒక మతం మాత్రమే కాదని మేము తరగతిలో చెప్పేది ఇందుకే.

ఆ తరువాత 1934, 1936, 1938లలో మరి మూడుసార్లు వెళ్ళారు. ఈసారి లక్ష్యం సంస్కృత తాళపత్రాలే. పాట్నాలోని బీహార్-ఒరిస్సా పరిశోధనా సంఘం, దాని ప్రాణంగా పనిచేసిన చరిత్రకారుడు కాశీప్రసాద్ జయస్వాల్ అండగా నిలిచారు. లాసాలో గెందున్ ఛోఫెల్ అనే యువ పండితుడు తోడైనాడు. అమ్దో ప్రాంతీయుడైన అతడు డ్రెపుంగ్ మఠంలో తర్కం చదివినవాడు, చిత్రకారుడు, కవి. మఠాధిపతులను ఒప్పించి మూసిన గదులు తెరిపించడంలో అతడి పాండిత్యం, మాటతీరు ఎంతగా పనిచేశాయో ఊహించవచ్చు. స్మారకసభలలో రాహుల్‌జీ పేరు వినబడినంతగా అతని పేరు వినబడదు. తన దేశానికి తిరిగి వెళ్ళాక 1946లో చెరసాల పాలై, 1951లో కన్నుమూశాడు. ఈ గ్రంథాలు తలచిన ప్రతిచోట ఆ ఇద్దరినీ కలిపి తలచడమే న్యాయం.

సాక్య, ఙోర్, శలు మఠాలు ఈ అన్వేషణకు ముఖ్యస్థానాలైనవి. ఏండ్ల తరబడి ఎవరూ తెరవని అరలలో, టిబెటన్ పుస్తకాల కట్టల మధ్య, దుమ్ముకొట్టుకొని తాళపత్రాలు బయటపడ్డాయి. రాహుల్‌జీ అక్కడ చేసిన పని చూస్తే, నిధి దొరికినవాని తీరుకంటె గ్రంథాలయాధికారి తీరే ఎక్కువగా కనబడుతుంది. ప్రతి కట్టకూ గ్రంథం పేరు, కర్త, లిపి, ఆకుల సంఖ్య, ఆకు పొడవు వెడల్పు, పుటకు ఎన్ని పంక్తులు, సమగ్రమా అసమగ్రమా అన్న వివరాలు వ్రాసుకున్నారు. ఆ పట్టికలు పరిశోధనా సంఘం పత్రికలో 1935, 1937, 1938లలో మూడు వ్యాసాలుగా వెలువడ్డాయి. మూడు వందలకు మించిన గ్రంథాల జాబితా అది. తెచ్చుకోగలిగినది కొంచెమే అయినా, ఉన్నదేమిటో లోకానికి చెప్పడం అన్నిటికంటె ముందు చేయవలసిన పని అని వారు గ్రహించారు. మూలాలను మఠాలలోనే ఉంచి, చేతివ్రాతతోను కెమెరాతోను ప్రతులు తీసుకున్నారు.

ఆ ప్రతులలో కొన్నింటి సంగతి విడిగా చెప్పాలి. ధర్మకీర్తి ప్రమాణవార్తికం భారతీయ తర్కశాస్త్రానికి శిఖరం. దాని మూలం దొరకదనుకొని రాహుల్‌జీ టిబెటన్ నుండి తిరిగి సంస్కృతంలోకి మార్చే శ్రమకు కూడ పూనుకున్నారు. మూలశ్లోకాలు దొరికాయి. మనోరథనంది వ్యాఖ్య కూడ దొరికింది. ఆ వ్యాఖ్య ప్రతిని ఎత్తి వ్రాసినవాడు విభూతిచంద్రుడు, పైన చెప్పిన శాక్యశ్రీభద్రుని బృందంలోని భిక్షువు. ప్రతి అంచులలో అతడు తన టిప్పణులు కూడ వ్రాసుకున్నాడు. గురువుతో పరదేశం పట్టిన భిక్షువు తర్కగ్రంథానికి అంచులలో టిప్పణులు వ్రాస్తూ కూర్చున్న ఆ దృశ్యం మమ్మల్ని వెంటాడుతుంది. ఆ టిప్పణులను రాహుల్‌జీ అనుబంధంగా ముద్రించారు.

నాగార్జునుని విగ్రహవ్యావర్తని మూలం 1936లో శలు మఠంలో లభించింది. జయస్వాల్‌తో కలిసి 1937లో ప్రకటించారు. అన్ని భావాలూ స్వభావశూన్యమైనవని నీవంటే ఆ మాట కూడ శూన్యమే కదా, ఇక అది దేనిని కాదనగలదు అని ప్రత్యర్థి నిలదీయగా ఆచార్యుడు ఇచ్చిన సమాధానం ఆ చిన్న గ్రంథం. ఇక్కడ తెలుగువారు ఒక సంగతి గుర్తించాలి. కృష్ణాతీరంలో నాగార్జునకొండ తవ్వకాలను లాంగ్‌హర్స్ట్ 1927 నుండి 1931 వరకు నడిపాడు. ఆచార్యుని పేరుతో వెలసిన కొండ చెంత లోయలో మహాచైత్యం, విహారాలు మట్టిలోనుండి పైకి వస్తున్న కాలం, ఆయన గ్రంథం టిబెట్ దుమ్ములోనుండి పైకి వచ్చిన కాలం దాదాపు ఒకటే. రాహుల్‌జీ దృష్టి అప్పటికే మన ప్రాంతంపై ఉన్నది. మహాయాన, వజ్రయానాల పుట్టుకను వెతుకుతూ శ్రీపర్వత, ధాన్యకటకాలకు వారు తమ వ్యాసాలలో పెద్ద స్థానం ఇచ్చారు. ఆ సిద్ధాంతంలో వివాదాస్పదమైన అంశాలు లేకపోలేదు. అమరావతిని శిల్పసంపదగా మాత్రమే చూసే రోజులలో దానిని ఒక భావసంపదకు పుట్టినిల్లుగా చూసినందుకు మనం వారికి ఋణపడి ఉన్నాము.

దొరికినవన్నీ దర్శనగ్రంథాలు కావు. ఙోర్‌లో తీసిన ఛాయాచిత్రాలలో సుభాషితరత్నకోశం అనే పద్యసంకలనం ఉన్నది. జగద్దల విహారానికి చెందిన విద్యాకరుడు కూర్చినది. బుద్ధస్తుతితో మొదలై, శివుని మీద, విష్ణువు మీద, ఋతువుల మీద, ప్రణయం మీద, పల్లెల మీద, పేదరికం మీద పద్యాలు అందులో వరుసగా వస్తాయి. వాన కారే గుడిసెలో ఆకలిగొన్న పిల్లల తల్లిని గురించిన పద్యాలను ఒక భిక్షువు ఏరి పెట్టాడన్నది మాకు చిన్న విషయంగా తోచదు. దానిని 1957లో వి.వి. గోఖలేతో కలిసి పరిష్కరించినవాడు దామోదర్ ధర్మానంద్ కోశాంబి. వృత్తిరీత్యా గణితశాస్త్రజ్ఞుడు, పాలి పండితుడు ధర్మానంద్ కోశాంబి కుమారుడు. ఇంకా సరహపాదుని దోహాలు దొరికినవి. కులాన్ని, వేదపాఠాన్ని, కపటసన్యాసాన్ని జనభాషలో ఎగతాళి చేసిన సిద్ధుని పద్యాలవి. రాహుల్‌జీ వాటిని హిందీ కవిత్వ చరిత్రకు మొదటి పుటగా నిలబెట్టారు.

ఇటువంటి వ్యక్తి మనవాడేనా అని సంకోచించే ఉపాసకులు ఉన్నారని మాకు తెలుసు. సంకోచానికి కారణాలు లేకపోలేదు. వారు చీవరం విడిచారు. 1937లో లెనిన్‌గ్రాడ్ వెళ్ళి అక్కడ గృహస్థులైనారు. 1938లో కుమారుడు కలిగాడు. దేశానికి తిరిగి వచ్చి 1939లో బీహార్‌లోని అమ్వారీలో రైతుల పక్షాన సత్యాగ్రహం చేసి జమీందారు మనుషుల దెబ్బ తిన్నారు. కమ్యూనిస్టు పార్టీలో చేరి 1940 నుండి రెండేండ్లకు పైగా జైలులో ఉన్నారు. ఓల్గా నుంచి గంగకు కథలు, దర్శన చరిత్రపై వారి బృహద్గ్రంథం ఆ నిర్బంధపు ఫలాలు. 1947లో భాషావిషయమై పార్టీతో విభేదించి బయటకు వచ్చారు, 1955లో మళ్ళీ చేరారు. పునర్జన్మను నమ్మలేదు.

అయినప్పటికీ, వదిలిన ప్రతి మతాన్నీ విమర్శించిన ఈ మనిషి బుద్ధుని పట్ల గౌరవాన్ని మాత్రం చివరివరకు వదలలేదు. ఏరు దాటడానికే గాని తలపై మోయడానికి కాదని తథాగతుడు తెప్పను గూర్చి చెప్పిన ఉపమానాన్ని తమ ఆత్మకథకు ముందు నిలుపుకున్నారు. అనాత్మవాదం, ప్రతీత్యసముత్పాదం వారికి అలంకారాలు కావు, ఆలోచించే పద్ధతి. చీవరం ధరించిన ఏండ్లలో ధమ్మపదం, మజ్ఝిమనికాయం, వినయపిటకం, జగదీశ్ కాశ్యప్‌తో కలిసి దీఘనికాయం హిందీలోకి తెచ్చారు. వారి సహచరుడు భదంత ఆనంద కౌసల్యాయన్ జాతకకథలను హిందీలోకి తెచ్చి, తరువాత బాబాసాహెబ్ అంబేడ్కర్ రచించిన బుద్ధుడు-ధమ్మం గ్రంథాన్ని కూడ హిందీలోకి అనువదించారు. ఉత్తరభారతంలో 1956 దీక్షల తరువాత ధమ్మాన్ని తమ భాషలో చదువుకోవాలనుకున్నవారికి పుస్తకాలు సిద్ధంగా ఉండడంలో ఈ మిత్రుల పాత్ర పెద్దది. మేము ఆయనను మనవాడనే అంటాము. సంఘసభ్యుల పట్టికలో చేర్చాలా వద్దా అన్న తగవును పెద్దలకు వదిలివేస్తాము.

చివరి దశ విషాదకరం. 1959లో విద్యాలంకారకే, అప్పటికి విశ్వవిద్యాలయమైన సంస్థకు, ఆచార్యులుగా తిరిగి వెళ్ళారు. 1961లో వచ్చిన వ్యాధి వారి జ్ఞాపకశక్తిని హరించింది. ఎన్నో భాషలు మాట్లాడిన నోటికి మాటలు అందకుండాపోయాయి. మాస్కో వైద్యం కూడ ఫలించలేదు. 1963 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, డార్జిలింగ్‌లో కన్నుమూశారు.

వారు తెచ్చిన టిబెటన్ గ్రంథాలు, ఛాయాచిత్రాలు పరిశోధనా సంఘంలోను, పటచిత్రాలు పాట్నా మ్యూజియంలోను చేరాయి. ఛాయాచిత్రాలు అన్నీ స్పష్టంగా లేవు. ఫిల్ము పొదుపు కోసం ఒకే చట్రంలో అనేక పత్రాలు పేర్చి తీసినందువల్ల అంచుల అక్షరాలు మసకబారాయి. ఆ మసక అక్షరాలే అనేక గ్రంథాలకు దశాబ్దాలపాటు ఏకైక ఆధారమైనాయి; ఎందుకంటే సాంస్కృతిక విప్లవకాలంలో ఙోర్ వంటి మఠాలు చాలావరకు నేలమట్టమయ్యాయి. మిగిలిన తాళపత్రాలు లాసాకు తరలిపోయి పరిశోధకులకు చాలాకాలం అందుబాటులో లేకపోయాయి. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ ఛాయాచిత్రాల ప్రతులు తెప్పించుకొని, వాటికి వివరమైన పట్టిక తయారు చేయించి 1994లో ప్రకటించింది. పాలి చదివినవారు మన సంఘాలలో కొందరైనా ఉన్నారు. సంస్కృతం, టిబెటన్ రెండూ నేర్చి ఈ చిత్రాల ముందు కూర్చునే తెలుగు విద్యార్థులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది కూడ లేరు. శిలలను తవ్వడానికి మన విశ్వవిద్యాలయాలు చూపిన శ్రద్ధ ఈ పత్రాలను చదవడానికి చూపలేదు.

పాట్నాలో జయస్వాల్ పేరిట 1950లో ఏర్పడిన పరిశోధనా సంస్థ టిబెట్‌లో దొరికిన సంస్కృత గ్రంథాల ప్రచురణకు ఒక మాల ఆరంభించింది. వసుబంధువు అభిధర్మకోశభాష్యాన్ని అంతవరకు చీనా, టిబెటన్ అనువాదాల ద్వారానే చదివేవారు. దాని సంస్కృతమూలం ప్రహ్లాద్ ప్రధాన్ పరిష్కరణలో 1967లో వచ్చింది, రాహుల్‌జీ పోయిన నాలుగేండ్లకు. 1970లో గుస్టవ్ రోత్ పరిష్కరించిన భిక్షుణీవినయం వెలువడింది. అది మహాసాంఘికులలో లోకోత్తరవాద శాఖవారిది. ధాన్యకటకంలో, నాగార్జునకొండలో విహారాలు కట్టించుకున్న చైత్యక, పూర్వశైల, అపరశైల నికాయాలు ఆ మహాసాంఘికుల కొమ్మలే. స్త్రీలు సంఘంలో ఎలా ప్రవేశించాలి, ఎలా చదువుకోవాలి, ఎవరి పట్ల ఎలా మెలగాలి అన్న నియమాలు అందులో ఉన్నవి. అమరావతి, నాగార్జునకొండ శాసనాలలో రాతిపై దానకర్తలుగా కనిపించే భిక్షుణులు, ఉపాసికల దైనందిన జీవితాన్ని ఊహించడానికి మాకు దొరికిన అతిదగ్గరి పుస్తకం అదే. దాని తాళపత్రాల ఛాయ కూడ రాహుల్‌జీ టిబెట్ నుండి తెచ్చినదే.